మంచి ఎదురు

"సోములు గారబ్బాయి ధర్మతేజ ఇల్లెక్కడండీ?"

టీ కొట్టు ముందు ఆగి అడిగాడు ఆ మనిషి. ముప్పై ఏళ్లుంటాయేమో. ఎడమ చెయ్యి మోచేతి నుంచి లేదు. ఖాళీ చొక్కా చేతిని మడిచి పిన్నీసు పెట్టుకున్నాడు.

కొట్టులో మాటలు ఆగిపోయాయి.

అప్పటిదాకా అక్కడ రష్యా, ఉక్రెయిన్ యుద్ధం జోరుగా సాగుతోంది. పెదబొడ్డేపల్లిలో సత్తిరాజు టీ కొట్టులో ఎవరు గెలుస్తారో తేలితే గానీ ఆ దేశాల్లో తెల్లారదు. తీర్పు చెప్పేది రిటైరైన సోషల్ మాష్టారు యాజులు గారు.

ఈ మధ్య ఆ తీర్పుతో సోములుకి పనిబడింది. కొడుకు ధర్మతేజకి రష్యాలో ఉద్యోగం వచ్చింది. గోడౌన్‌లో హెల్పరట. యుద్ధానికి చాలా దూరమని ఏజెంటు చెప్పాడు. సోములు నమ్మాడు. నమ్మినా భయం పోలేదు. రోజూ వచ్చి మాష్టారిని అదే అడిగేవాడు.

"ఇది ఎప్పటికి అయిపోద్దండి?"

"దసరాకి" అనేవారు మాష్టారు. సోములు టీ తాగి వెళ్లేవాడు.

ఈ రోజే ప్రయాణం. ఇంటి ముందు కారు సిద్ధంగా ఉంది. చివరిసారి ఆ మాట వినిపోదామని వచ్చిన సోములు, పిన్నీసు పెట్టిన చొక్కా చేతిని చూశాడు. మాష్టారిని పక్కకి లాగాడు.

"అవిటి మడిసండి. మావోడు బండెక్కేటప్పుడు ఎదురొస్తే ఇంకేటన్నా ఉందా? మా ఇంటిది నూకరత్నం మంచి ఎదురని నిండుబిందె అట్టుకుని గుమ్మంలో నిలబడున్నాది. బండి ఎల్లీదాకా ఈయన్ని ఇక్కడే ఆపండి."

"నేను చూసుకుంటాను. నువ్వు బేగి వెళ్లు."

మాష్టారు వచ్చి ఆ మనిషి భుజం మీద చెయ్యి వేశారు.

"కూర్చో నాయనా. అబ్బాయి బండి ఇటే వస్తుంది. సత్తిరాజూ, ఈయనకో టీ."

పిల్లలకి పాఠాలు చెప్పిన నోరు కదా, అబద్ధం కూడా అరటిపండు ఒలిచినట్టే చెప్పింది.

"ఏ ఊరు?"

"రావికమతమండి. ఏజెంటు స్టేటస్‌లో ఆ అబ్బాయి ఫొటో చూసి ఫస్ట్ బస్సుకి వచ్చీసాను."

"మావాడితో ఏం పని?"

"ఆ అబ్బాయితోనే సెప్పాలండి."

'ఇంకో ఏజెంటు తాలూకు మనిషి, చెడగొట్టడానికి వచ్చుంటాడు' అని సత్తిరాజు కళ్లతోనే సైగ చేశాడు. మాష్టారు తల ఊపారు.

"సరే గానీ, యుద్ధం ఎవరు గెలుస్తారంటావు?"

"నాకు తెలీదండి."

"టీవీ చూడవా?"

"సూడనండి."

అందరూ నవ్వారు. మాష్టారికి ఉత్సాహం వచ్చింది.

"రష్యా బలమేమిటో తెలుసా? మనుషులు. ఎంతమంది పోయినా ఎక్కడినుంచో తెస్తూనే ఉంటుంది."

ఆ మనిషి ఆయన ముఖంలోకి చూశాడు.

"అవునండి. తెస్తూనే ఉంటారు."

"అందుకే ఉక్రెయిన్ తట్టుకోలేదు. దసరాకి సంధి. రాసిపెట్టుకో."

"అక్కడా అలాగే అంటారండి. వచ్చే నెలకి అయిపోద్దని."

అక్కడంటే ఎక్కడని ఒక్కరూ అడగలేదు. తన మాటకి బలం దొరికిందని మాష్టారు మురిసిపోయారు.

వెనక వీధిలో హారన్ మోగింది. ఆ మనిషి లేవబోయాడు.

"ఆ బండేనా అండీ?"

"కాదు, అది కోటవురట్ల పోయే ఆటో. టీ చల్లారిపోతోంది, తాగు."

ఉన్న ఒక్క చేతిలో గ్లాసు ఉంది. భుజం మీద మాష్టారి చెయ్యి ఉంది. కూర్చుండిపోయాడు.

కాసేపటికి సోములు వచ్చాడు. కళ్లు తుడుచుకుంటున్నా ముఖం తేటగా ఉంది.

"ఎల్లిపోనాడండి. మంచి ఎదురు దొరికింది."

గ్లాసు కింద పడింది. ఆ మనిషి సోములు దగ్గరికి పరుగెత్తాడు.

"ఫోన్ సెయ్యండి బాబూ. ఎనక్కి రమ్మనండి. అక్కడ గోడౌనూ లేదు, ఏటీ లేదు."

"శుభమా అని బయల్దేరినోడిని ఎనక్కి పిలుస్తారేటి?" సోములు వెనక్కి జరిగాడు. "ఇంకో మాటంటే మర్యాదగుండదు."

"ఒక్కసారి నా మాటినండి. దణ్ణం పెడతాను."

దణ్ణానికి ఎత్తింది ఒక్క చెయ్యే. సోములు అటు చూడలేక ముఖం తిప్పుకున్నాడు.

సత్తిరాజు అతన్ని పట్టుకుని రావికమతం ఆటో ఎక్కించాడు. ఆటో కదిలినా అతను ఏదో చెబుతూనే ఉన్నాడు. ఇంజన్ మోతలో వినిపించలేదు.

దసరా వచ్చింది, వెళ్లింది. సంధి కాలేదు. ధర్మతేజ నుంచి ఫోన్ లేదు. ఏజెంటు ఫోన్ పనిచెయ్యడం లేదు.

కొట్టులో యుద్ధం గొంతు తగ్గించి సాగుతోంది. ఎప్పటికి అయిపోతుందని సోములు ఇప్పుడు అడగడం లేదు. వచ్చి, ఫోన్ చేతిలో పెట్టుకుని కూర్చుంటున్నాడు.

ఒక మధ్యాహ్నం అది మోగింది. తెలియని నంబరు. సోములు ఎత్తాడు, మాష్టారు స్పీకర్ నొక్కారు.

"నాన్నా, నానే. బేగి సెప్పేస్తాను, ఫోన్ నాది కాదు."

"బాబూ, ఎక్కడున్నావురా? గోడౌన్‌లో ఉన్నావా?"

"గోడౌన్ లేదు నాన్నా. తుపాకీ ఇచ్చారు. రేపు ముందుకి పంపుతారంట."

దూరంగా ఏదో పేలిన చప్పుడు.

"నాన్నా, ఒకటి అడగాలి. నాకిచ్చిన మంచం మీద ముందు మన వైపోడే ఉండేవాడంట, రావికమతం ఆయన. బాంబు పడి చెయ్యి పోతే ఇంటికి పంపీసారు. మనోళ్లెవర్నీ ఇంక ఇటు రానివ్వను, ఊరూరూ తిరిగి ఆపుతానని ఇక్కడోళ్లకి మిగిలిన చేత్తో ఒట్టేసి ఎళ్లాడంట."

వెనక ఎవరో ఏదో అరిచారు.

"ఆయన మనూరు రాలేదేటి నాన్నా?"