ఒకటా? రెండా?

"ఆ తెల్ల పంచె పైన పెట్టు, నలిగిపోతాది," అన్నాడు హేమనాథ్ చెప్పులు తొడుక్కుంటూ.

జ్యోతిక పంచె పైన పెట్టింది. విభూతి పొట్లం, కర్పూరం, దోవలో తినడానికి డబ్బా నిండా పులిహోర సర్దింది. నెలనెలా కృత్తిక నక్షత్రం నాడు మొగుడు తిరుత్తణి సామి కొండెక్కాలి. ఒంటిగా వస్తానని మొక్కుకున్నాడట. ఎనిమిదేళ్ళ కాపురంలో ఒక్కసారైనా ఆమెను వెంటబెట్టుకుపోయింది లేదు.

"ఈసారైనా తనుశ్రీని తీసకపోరాదా? ఆరేళ్ళొచ్చినాయి, పాప ఇంకా కొండ చూడలేదు."

"మొక్కంటే మొక్కే. సామితో ఆటలా?" అని లెంపలేసుకున్నాడు. "ఆడినుంచి అట్నే గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోతా. శనివారం వస్తా."

మహా భక్తుడు! తిరువళ్ళూరులో ఎనిమిది గంటల రైలెక్కి వెళ్ళిపోయాడు.

పొయ్యి మీద అన్నం పడేసి జ్యోతిక ఫోను తీసింది. ఈ మధ్య ఆమెకు పట్టుకున్న పిచ్చి ఒకటే, 'ఒకటా? రెండా?' ఆట. జిల్లాలో రేషను, గ్యాసు, ఆస్పత్రి జాబితాలన్నీ ఒకదానితో ఒకటి కలుపుతున్నారు. రెండు చోట్ల ఉన్నది ఒకే మనిషా, ఇద్దరా అన్నది కంప్యూటరుకు తేలకపోతే, పేరూ ఫోటో దాచేసి ఆ రెండు కార్డులూ ఆటలో వేస్తారు. రెండు ఊళ్ళ కార్డులైతే ఊరికొకరు చొప్పున ఇద్దరికే చూపిస్తారు. ఇద్దరూ ఒకే మాట నొక్కితే సంగతి తేలిపోయినట్టే, చెరి పది పాయింట్లు. మాట కలవకపోతే మాత్రం అధికారి ఇంటికే వచ్చి విచారిస్తాడు.

ఆటలో జ్యోతిక పేరు సన్నజాజి. తిరుత్తణి వైపు జోడీ పేరు మల్లెమొగ్గ. ఎవరో కాలేజీ పిల్ల అయ్యుంటుందని జ్యోతిక ఊహ. మూడు నెలలుగా ఇద్దరి మాటా ఒక్కసారి కూడా తప్పలేదు. సొంత అక్కతో కూడా జ్యోతికకు అంత కుదరలేదు.

ఆ పొద్దు నాలుగో ఆటలో ఈ కార్డులు వచ్చాయి.

పైది: మగ, నలభై ఒకటి. తండ్రి దండపాణి. పుట్టిన ఊరు పొదటూరుపేట. కుడి మోచేతి కింద కాలిన మచ్చ. నివాసం తిరువళ్ళూరు. భార్య, ఒక కూతురు.

కిందది: అదే వయసు, అదే తండ్రి, అదే ఊరు, అదే మచ్చ. నివాసం తిరుత్తణి, పూలకొట్ల వీధి. భార్య, ఒక కొడుకు.

అన్నం పొంగి పొయ్యి ఆరిపోయింది. జ్యోతిక ఆ కార్డులే మళ్ళీ చదివింది. ఆ మచ్చ ఆమె ఎరగనిదా? చలికాలం వస్తే దానికి కొబ్బరినూనె రాసేది తనే. నెలనెలా ఆ సంచి సర్ది, గుమ్మందాకా వచ్చి సాగనంపిందీ తనే.

"ఓరి పాపిష్టోడా! ఇదా నీ మొక్కు?"

'ఒకటే' మీద ఫోను పగిలేటట్టు నొక్కింది.

తెర మీద వచ్చింది: మల్లెమొగ్గ జవాబు 'రెండు'. మాట కలవలేదు. కార్డులు విచారణకు వెళ్ళాయి.

"నీక్కూడా కళ్ళు పోయినాయా తల్లీ!" అని భోరుమంది. మొగుడు మోసం చేశాడు సరే, మూడు నెలల జోడీ కూడా ఈ ఒక్క పూటే చెయ్యివ్వాలా?

శుక్రవారం, మొగుడు షిఫ్టులో ఉండే వేళ చూసుకుని, తిరుత్తణిలో దిగింది. పూలకొట్ల వీధిలో మచ్చ గురుతు చెబితే చాలు, "మన చంద్రావతి మొగుడా? అదో, ఆ నీలం తలుపు," అన్నారు.

ఆ ఇంటి ఆడదాన్ని జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్వాలనే వచ్చింది. తలుపు తీసిన మనిషికి చెంపలు నెరిశాయి. చేతిలో సగం కట్టిన పూలదండ ఉంది.

"యాడనుంచి వచ్చినావమ్మా?"

జ్యోతిక నోట అబద్ధం దొర్లింది. "తిరువళ్ళూరునుంచి. రేషను కార్డులు సరిచూసేదానికి."

చంద్రావతి ఆమెను ఎగాదిగా చూసింది. "కూచో. ఎండలో వచ్చినావు, మోరు తాగు," అని మజ్జిగ చెంబు తెచ్చి పెట్టింది.

"ఇంట్లో ఎంతమందక్కా?"

"ముగ్గురం. నేను, మా ఇంటాయన, మా హర్షవర్ధన్. వాడు ఈ ఏడు టెన్త్ రాస్తాడు."

టెన్త్! జ్యోతిక లెక్కేసుకుంది. పదిహేనేళ్ళ కొడుకు. తన పెళ్ళయి ఎనిమిదేళ్ళే. దొంగను పట్టుకుందామని వచ్చింది, తీరా చూస్తే దొంగిలించిన సొమ్ము తన ఇంట్లోనే ఉంది.

"ఆయన యాడ?" అంది.

"గుమ్మిడిపూండిలో షిఫ్టు. కృత్తికకు మాత్రం తప్పకుండా ఇంట్లో ఉంటాడు. వస్తా వస్తా పులిహోర తెస్తాడు. గుడి ప్రసాదం అంటాడు. బాగుంటాది గానీ, రవ్వంత ఉప్పెక్కువ."

జ్యోతిక మజ్జిగ చెంబు కింద పెట్టింది. ఎంత నమ్మకం ఈ మనిషికి! తనకు జరిగిందే ఈమెకూ జరిగింది, పాపం, ఆ సంగతే తెలియదు. తను నోరు విప్పితే ఈ ఇల్లు ఇప్పుడే కూలుతుంది. రేపో మాపో అధికారి వచ్చి ఎలాగూ కూలుస్తాడు. ఈ పూటకైనా నిలబడనీ.

"అన్నీ సరిగ్గానే ఉండాయక్కా. పోయొస్తా," అని లేచింది.

చంద్రావతి పూలదండలో రెండు మూరలు తుంచి చేతిలో పెట్టింది.

"ఒకటి నీకు, ఒకటి మీ పాపకు."

జ్యోతిక మెట్లు దిగుతూ ఆగిపోయింది. పాప సంగతి తను చెప్పనేలేదు.

వెనక తలుపు దగ్గరనుంచి చంద్రావతి గొంతు మెల్లగా వినిపించింది.

"నువ్వు కూడా 'రెండు' అనే నొక్కింటే సరిపోయేది కదా, సన్నజాజీ!"