కుప్పమ్మ సాక్ష్యం

వీధి వీధంతా రాఘవమ్మ కోసం అబద్ధం చెప్పింది. కుప్పమ్మ ఒక్కతే నిజం చెప్పి కొంప ముంచబోయింది.

ఏం మనిషండీ! పొద్దున లేస్తే "అక్కా, అక్కా" అంటూ రాఘవమ్మ గుడిసె చుట్టూనే తిరిగేది. ఆమె పొయ్యిలోంచి నిప్పు తీసుకుపోయేది. అలాంటి మనిషి ఇన్‌స్పెక్టరు ముందు నమ్మించి గొంతు కోసింది.

పలమనేరు పొలిమేరలోని ఆ స్థలం రాఘవమ్మకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చింది. కాగితం లేదు, రిజిస్ట్రీ లేదు. పెళ్లినాడు వాళ్ల నాయన పందిట్లో నోటిమాటగా ఇచ్చాడు. తర్వాత ఆయన పోయాడు. ఇన్నాళ్లకు అక్కడ ఇల్లు కట్టుకుందామని భర్త దొరస్వామి, ఆమె గుడిసె వేసుకొని దిగారు. పునాది తవ్వించారు. గోడలు లేచేదాకా గుడిసెలోనే కాపురం అనుకున్నారు.

అంతలో సైకిలు మీద ఖాకీ నిక్కరు, టోపీ దిగాయి. చిత్తూరు నుంచి వచ్చిన శానిటరీ ఇన్‌స్పెక్టర్నన్నాడు.

"పర్మిషన్ లేకుండా ఇక్కడ కాపురం పెట్టింది ఎవరు?"

"మా స్థలంలో మేముండేదానికి పర్మిషనేంది సామీ?" అంది రాఘవమ్మ.

"స్థలం నీదైతే మాత్రం? మొగుడూ పెళ్లామూ ఉండి, పొయ్యి వెలిగితే అది ఇల్లే. పర్మిషన్ లేని ఇల్లు పీకించేస్తాం. కావలి మనిషి ఒక్కరుంటే సరే. రేపొచ్చి నలుగుర్నీ విచారిస్తాను."

యుద్ధం రోజులు. బియ్యానికి రూలు, కిరసనాయిలుకు రూలు, గుడ్డకు రూలు. సొంత మట్టి మీద పడుకోవడానికీ రూలుందంటే కాదనేదెవరు?

దొరస్వామే ఉపాయం చెప్పాడు.

"కావలి మనిషినని చెప్పు. స్థలం నాదను. నీదంటే నిన్ను కావలి మనిషని యావడు నమ్మతాడు? ఇల్లయ్యేదాకా నేను చిత్తూరులో పండుకుంటా. వీధిలోవాళ్లకు నేను చెప్తాలే."

మరునాడు ఇన్‌స్పెక్టరు చెప్పినట్టే వచ్చాడు. వీధి జనమంతా పోగయ్యారు.

"స్థలం ఎవరిది?"

రాఘవమ్మ భర్త పేరు ఏనాడూ పలికింది కాదు. గడ్డంతో చూపించింది. "ఆ అయ్యది సామీ."

"ఆయన నీకేమవుతాడు?"

తాళి రవికెలోకి దోపుకొని ఉంది.

"ఏమీ కాడు సామీ. కావలికి పెట్టుకున్నాడు."

"అవునా?" అని జనాన్ని అడిగాడు.

"అవును సామీ, కూలికొచ్చిన మనిషే" అన్నాడు చెంగల్రాయుడు, పక్కింటి పెద్దమనిషి. మిగతావాళ్లూ తలలూపారు. రాఘవమ్మకు ఏడుపొచ్చింది. తోడబుట్టినవాళ్లు కూడా ఇంత చెయ్యరు.

అప్పుడు నోరు తెరిచింది కుప్పమ్మ.

"అదేందప్పా, అందురూ అట్లంటారు! ఆయమ్మ ఆయన పెండ్లాం సామీ. స్థలం ఆయమ్మకు వాళ్ల నాయన ఇచ్చింది. పెండ్లిలో నేనుండా, నా చెవులారా ఇన్నా."

దేవుడి దయ, ఇన్‌స్పెక్టరు కుప్పమ్మను కసురుకున్నాడు. "ఇంతమంది మాట కాదని నీ ఒక్కదాని మాట వినాలా? పో అవతలికి!" గుడిసె నిలిచింది.

అతను వెళ్లీ వెళ్లకముందే రాఘవమ్మ కుప్పమ్మ మీద పడింది.

"నీకేం అన్యాయం చేసినానే? నా గుడిసె పీకేస్తే నీ కడుపు నిండతాదా?"

"ఉండేదే చెప్పినానక్కా. మొగుణ్ని పట్టుకొని ఏమీ కాడంటివే, నాకు మనసొప్పలేదు."

"నీ మనసు పాడుగాను! ఇంకోసారి అక్కా అన్నావంటే చూడు!"

దొరస్వామి అగ్గికి గాలి విసిరాడు. "చూస్తివా? పాముకు పాలు పోసినావు."

ఆనాటి నుంచి రాఘవమ్మ ఒంటరిదైపోయింది. దొరస్వామి పగలొచ్చి మేస్త్రీలకు పని పురమాయించి, పొద్దుగూకకముందే చిత్తూరు బస్సెక్కేవాడు. రూలు రూలే కదా. ఆమె గోడలు తడిపింది, సున్నం కలిపింది, రాళ్లు మోసింది. పలమనేరు చలికి వేళ్లు కొంకర్లు పోయినా ఓర్చుకుంది. కుప్పమ్మ చేసిన ద్రోహం మాత్రం ఓర్చుకోలేకపోయింది. ఓనాడు కుప్పమ్మ వేడివేడి సంగటి తెచ్చి గుడిసె ముందు పెడితే, రాఘవమ్మ ఆ గిన్నెను అలాగే ఎత్తి ఆమె గడపలో పెట్టి వచ్చింది.

పెంకులు కప్పారు. వాకిళ్లు నిలబెట్టారు. గృహప్రవేశానికి ముహూర్తం కుదిరింది. పురోహితుణ్నీ బంధువుల్నీ చిత్తూరు నుంచి తానే తీసుకొస్తానన్నాడు దొరస్వామి. రాఘవమ్మ కుంకుమ భరిణె పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి పిలిచింది. కుప్పమ్మ వాకిట్లో నిలబడి చూస్తూనే ఉంది. రాఘవమ్మ ఆ వాకిలి దాటేసి వెళ్లిపోయింది. పిలవనంటే పిలవలేదు. అంత ద్రోహం చేసినదాన్ని ఎవరు పిలుస్తారు?

ఆ రోజు తెల్లవారుజామునే ముగ్గు పెట్టింది. గడపకు పసుపు రాసింది. మామిడాకులు కట్టింది. పాలు పొంగించడానికి కొత్త కుండ కడిగి పెట్టుకుంది. కొత్త చీర కట్టుకొని, ఇన్నాళ్లూ దాచిన తాళిని పైకి తీసి కళ్లకద్దుకుంది. పీటల మీద మొగుడి పక్కన కూర్చునే ఘడియ కోసం వాకిట్లో నిలబడింది.

బండి వచ్చి ఆగింది.

ముందు దొరస్వామి దిగాడు; అతని వెనక, మెడలో పసుపుతాడు పచ్చి ఆరని కొత్త పెళ్లికూతుర్ని "దిగు చెల్లీ, ఇదే నీ ఇల్లు" అంటూ చెయ్యి పట్టి దించాడు, ఈసారి పట్టుపంచెలో, ఆ చిత్తూరు ఇన్‌స్పెక్టరు.