ఏమీ తగిలించని పెట్టె

కోట ఊరి అవతల, సముద్రం పక్కనున్న రొయ్యల గుంటలకి శివశంకర్ కాపలా. రొయ్యలు పట్టేయడం అయిపోయింది. నీళ్లు తోడేసినారు, కరెంటు తీసేసినారు, పనివాళ్లు వెళ్లిపోయినారు. భార్య పోయినప్పటి నుంచి ఊళ్లో ఇంటికి పోబుద్ధి కాక, అతనొక్కడే గుడిసెలో ఉండిపోయినాడు.

దీపం కోసం బ్యాటరీ తనే తయారు చేసుకున్నాడు. పాత ఎలక్ట్రిక్ స్కూటర్లలోంచి తీసిన లిథియం సెల్లులు కలిపి, పనిముట్లు పెట్టుకునే రేకు పెట్టెలో సర్దినాడు. కరెంటు ఎంత ఖర్చవుతోందో చూపించే చిన్న మీటరు, పెట్టెని ఆపే స్విచ్చు మూతకి బిగించినాడు.

చీకటి పడ్డాక బల్బు తగిలించి చూస్తే వెలిగింది. వైరు పీకేసినాడు. బల్బు ఆరింది గానీ మీటరు సున్నాకి రాలేదు. పెట్టెలోంచి ఏదో కరెంటు లాగుతూనే ఉంది.

కావలిలో మెకానిక్కుగా ఉన్న బావమరిది పెంచలకృష్ణకి ఫోన్ చేసినాడు.

"ఏందో తగిలించి మర్చిపోయుంటావు, చూడు బావా."

"ఏమీ లేదురా. ఉత్త పెట్టె."

"ఏందీ? వినపడలా. ముందు ఆ ఫ్యాను ఆపు బావా, చెవిలో ఒకటే గాలి."

గుడిసెలో ఫ్యాను లేదు. బయట ఆకు కూడా కదలడం లేదు. శివశంకర్ ఫోను దించి విన్నాడు. ఏ చప్పుడూ లేదు. కానీ చెమట పట్టిన మెడ నెమ్మదిగా చల్లబడుతోంది.

చెయ్యి స్విచ్చు మీదకి పోయింది. ఆపితే మళ్లీ తనొక్కడే.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చాప మీద ఒక పక్కకి జరిగి, రెండో పక్క చోటు వదిలి పడుకున్నాడు.