దురద వేళ

"పొద్దున్నే మెట్ల మీద తూలి పడబోయింది డాక్టరుగారూ. వయసు మీద పడుతోంది మరి!" అన్నాడు రిటైరైన సర్వేయరు, పక్కనున్న భార్యకేసి జాలిగా చూస్తూ.

"వయసొక్కటే కాదండీ, ఈవిడ రోజూ రాత్రి వేసుకునే ఈ దురద బిళ్ళ కూడా," అంది డాక్టరమ్మ. "పొట్టలో కరిగి, రక్తంలో కలిసి, తలకెక్కుతుంది. అందుకే నిద్ర. దాన్ని కాలేయం విడగొట్టి బయటికి పంపాలి. ఈ వయసులో ఆ పని నిదానం. పొద్దుటికీ మత్తు దిగదు."

"ఆ నిద్ర బిళ్ళ వల్ల వచ్చేది కాదండీ," సర్వేయరు మీసం చాటున నవ్వుకున్నాడు. "రాత్రి భోజనాలయ్యాక నేను ఫిడేలు వాయిస్తాను. పల్లవి దాటకముందే హాయిగా నిద్రలోకి జారుకుంటుంది."

డాక్టరమ్మ ఆవిడ చేతులు తిప్పి చూసింది. ఒక్క దద్దురూ లేదు.

"బిళ్ళ ఎప్పుడు వేసుకుంటారమ్మా?"

"భోజనానికి ముందు."

"తిన్నాక వేసుకోవచ్చుగా?"

"తిన్నాకయితే మత్తెక్కడం ఆలస్యమవుతుందండీ. ఈలోపు ఈయన..." ఆవిడ నాలిక కరుచుకుంది.

జన్మంతా భూములు కొలిచిన మనిషి, ఇప్పుడు మనసులోనే కొలుచుకున్నాడు. బిళ్ళ మింగడం, భోజనం, ఫిడేలు పెట్టె తెరవడం. హద్దులు అతికినట్టు సరిపోయాయి. నవ్వు మీసం చాటునే ఆరిపోయింది.

భార్యకేసి తిరిగాడు. "పోనీలే. రేపట్నుంచి పొద్దున్నే వాయించుకుంటాను. రాత్రిళ్ళు నువ్వు ప్రశాంతంగా పడుకో."

ఆవిడ గాభరాగా డాక్టరమ్మ వైపు తిరిగింది.

"ఇది పరగడుపున వేసుకోవచ్చాండీ?"