స్థానిక భాష పరీక్ష

“సీటొచ్చిందని సంబరపడకు బాబూ. స్థానిక భాష పాస్ కాకుంటే మొదటి సంవత్సరం పరీక్షకు నిన్ను కూర్చోనియ్యరు,” అంది కాలేజీలో ఆ క్లాసు చెప్పే వనమాల మేడమ్ హిందీలో.

భవర్‌లాల్ ఇంకా చేతిలో సూట్‌కేసు కింద పెట్టనేలేదు. రాజస్థాన్‌లోని నాగౌర్ నుంచి రెండు రైళ్లు మారి ఆ పొద్దున్నే మహబూబాబాద్‌లో దిగాడు. ఆఖరి విడత కౌన్సెలింగ్‌లో మెడికల్ సీటు వచ్చిందని వాళ్ల వాడంతా మిఠాయిలు పంచి పంపారు. తీరా వచ్చేసరికి క్లాసులు మొదలై నెల దాటింది. మొదటి నెలలోనే పూర్తి చేయాల్సిన చిన్న చిన్న కోర్సులన్నీ మిగతా పిల్లలు పూర్తి చేసేశారు. వాటిలో స్థానిక భాష ఒకటి.

“ఎన్నాళ్లు టైముంది మేడమ్?”

“ఆరు వారాలు. పేషెంటు ముందు కూర్చోబెడత. ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి, ఏం తిన్నరు, అన్నీ వాళ్ల భాషల అడిగి రాసియ్యాలె.”

“నాకు ఒక్క మాట కూడా రాదు.”

“క్లాసులు అయిపోయినయ్. ఊరోళ్ల ఇంట్ల గది తీసుకో. పొద్దస్తమానం వాళ్లతోనే మాట్లాడు. అదే వస్తది.”

హాస్టల్లో ఎలాగూ ఖాళీ లేదు. కురవి వెళ్లే దారిలో, టౌన్ దాటాక రెండు కిలోమీటర్ల దూరంలో విజయ అనే ఆమె ఇంట్లో గది దొరికింది. విజయకు యాభై ఏళ్లుంటాయి. భర్త ఆటో నడుపుతాడు. భవర్‌లాల్ వెళ్లేసరికి ఆమె వాకిట్లో కూర్చుని కందికాయలు ఒలుస్తోంది.

“అమ్మా, నాకు మీ భాష నేర్పాలి. లేకపోతే నా డాక్టరు చదువు ఆగిపోతుంది,” అన్నాడు హిందీలో.

ఆమె చేతులు ఆగిపోయాయి. “మా భాషనా? నిజంగనా?” అంది వచ్చీరాని హిందీలో.

“పరీక్ష పెడతారట.”

విజయ లోపలికి తిరిగి భర్తను కేకేసింది. తర్వాత భవర్‌లాల్‌కు కూడా అర్థం కావాలని అదే మాట హిందీలో చెప్పింది: “మన మాట వస్తెనే డాక్టర్ని చేస్తరట! సర్కారుకు ఇన్నాళ్లకు బుద్ధొచ్చింది.”

ఆనాటి నుంచి ఆమె అతన్ని వదల్లేదు. హిందీలో అడిగితే మంచినీళ్లు కూడా పుట్టేవి కావు. సరిగ్గా అడిగితే జొన్నరొట్టె మీద ఇంకో రొట్టె పడేది. పరీక్ష సంగతి వాడంతా పాకింది. సాయంత్రమయ్యేసరికి ఇరుగుపొరుగు రోగులై వాకిట్లో వరస కట్టేవారు. ఒకరు కడుపు పట్టుకుని మూలిగేవారు, ఇంకొకరు నడుం వంచుకుని కుంటేవారు. ఒకాయన స్పృహ తప్పినట్టు ఎంత బాగా పడిపోయాడంటే, ఆయన భార్య నిజమేననుకుని శోకాలు పెట్టింది. భవర్‌లాల్ అందరినీ అడిగి, తప్పులు దిద్దించుకుని, రాసుకున్నాడు.

విచిత్రమేమిటంటే, దక్షిణాది భాష నోరు తిరగదని నాగౌర్‌లో అందరూ భయపెట్టారుగానీ, అతనికి పది రోజుల్లోనే నాలుక అలవాటైపోయింది. కొన్ని మాటలైతే తన ఊరి మాటల్లాగే తోచాయి. ఇదేదో తనకు పుట్టుకతో వచ్చిన తెలివే అనుకుని లోలోపల మురిసిపోయాడు.

నెల తిరిగాక, క్యాంటీన్లో తేజస్వినికి తన ప్రతాపం చూపించాడు. ఆమెది బాపట్ల, తన బ్యాచే. నిమిషం సేపు గుక్కతిప్పుకోకుండా మాట్లాడి, “ఎలా ఉంది?” అన్నాడు హిందీలో.

తేజస్విని చేతిలోని సమోసా చేతిలోనే ఉండిపోయింది. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ మాటే అనబోయి ఆగింది. కిందటి వారమే ఎవరో ‘గిట్ల, గట్ల’ అంటే నవ్వి హాస్టల్లో అందరి చేతా చీవాట్లు తింది.

“ఇక్కడి యాస వేరు కదా, నాకింకా అలవాటు కాలేదండీ,” అంది జాగ్రత్తగా, తనూ హిందీలోనే. “మీరు మాత్రం చాలా బాగా మాట్లాడుతున్నారు.”

పరీక్ష రోజు వచ్చింది. వార్డులో వనమాల మేడమ్ చూపించిన మంచం మీద ఒక ముసలామె దుప్పటి గొంతు దాకా కప్పుకుని, గోడవైపు తిరిగి పడుకుంది. పొద్దున దవాఖానలో చేర్చిన కొడుకు మందులకని వెళ్లి ఇంకా రాలేదు. నర్సు అడిగింది, డ్యూటీ డాక్టరు అడిగాడు. ఆమె నోరు విప్పలేదు.

“నీ అదృష్టం బాగలేదు,” అంది మేడమ్ హిందీలో. “ఇంకో పేషెంటును చూద్దాం పా.”

“ఒక్కసారి అడుగుతాను మేడమ్.”

అతను స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. నొప్పి సంగతి ఎత్తలేదు. ముందు అన్నం తిన్నావా అని అడగాలని విజయ నేర్పింది. అలాగే అడిగాడు.

ముసలామె చటుక్కున ఇటు తిరిగింది. ఇక ఆగలేదు. మూడు రోజులుగా కుడి డొక్కలో పోటు, తిన్నది తిన్నట్టే వాంతి, పనిలో పనిగా కోడలు కూరలో పోసే నూనె సంగతీ చెప్పింది. మధ్యలో నవ్వింది, అతని బుగ్గ గిల్లింది. భవర్‌లాల్ ఇంగ్లీషులో రెండు పేజీలు నింపి ఇచ్చాడు. డ్యూటీ డాక్టరు అది చదివి, ఆమె డొక్క నొక్కి చూసి, “వెంటనే స్కానింగ్‌కు పంపండి,” అన్నాడు.

వనమాల మేడమ్ మార్కుల కాగితం తీసి సంతకం చేసింది.

“నూటికి నూరు. పేషెంటు భాషల మాట్లాడాలన్న, మాట్లాడినవ్. దానికి తిరుగులేదు.”

భవర్‌లాల్ ఆమె కాళ్లకు మొక్కబోయాడు.

“ఆగు. సోమవారం నుంచి సాయంత్రం మా ఇంటికి రా. తెలుగు నేర్పిస్త.”

“తెలుగా?” అతను బిత్తరపోయాడు. “మరి నేనిప్పుడు మాట్లాడింది?”

“లంబాడి.”