బొమ్మకు చెప్పిన మాట

కాన్పులు నేర్పే గదిలో స్వర్ణలత సిస్టర్ గర్భిణి ఆకారంలో ఉన్న రబ్బరు బొమ్మ నుదురు నిమిరి, "భయపడాకమ్మా, నేనుండా కదా" అంది. "ఈ మాటకు గూడా మార్కులుంటాయి, మర్చిపోవాకండి" అని నర్సింగు పిల్లలకు చెప్పింది.

నిండు నెలలతో ఆ గది తుడుస్తున్న ఆయా జ్ఞానమణి, చేయి ఆపి ఆ మాట వింది.

నాలుగో రోజు జ్ఞానమణి అదే ఆస్పత్రిలో నొప్పులు పడుతోంది. పక్క మంచం మీద ఒకామె "ఓబులేసా, కాపాడు సామీ!" అని అరిచింది. స్వర్ణలత ఆమె తొడ మీద ఛెళ్లున చరిచింది. "కడుపు తెచ్చుకున్నప్పుడు తెలీదా? నోర్ముయ్!"

తర్వాత జ్ఞానమణి వైపు తిరిగింది. "ఏమ్మే, సద్దే లేదు? నొప్పులు ఆగిపోయినాయా?"

జ్ఞానమణి నోట్లో కుక్కుకున్న కొంగు తీసింది.

"వస్తానే ఉండాయి సిస్టరమ్మా. బొమ్మ మాదిరి కదలకుండా పండుకోనుండా. నాకూ ఆ మాట చెప్తారేమోనని."