గడ్డిలో దొరికిన పిల్ల

కడుపు పండని జింక ఒకటి పిల్ల కోసం అలమటించిపోయేది. "దిక్కులేని పిల్ల కనబడితే ముందు మందకంతా చెప్పు. ఎవరూ రాకపోతేనే పెంచుకో" అని మందలోని ముసలి జింక దానికి ఏనాడో చెప్పింది.

ఒక ఉదయం పొడుగాటి గడ్డిలో కిక్కురుమనకుండా ముడుచుకు పడుకున్న జింకపిల్ల దానికి కనబడింది.

"తల్లి లేని పిల్లే! అడుగుతూ కూర్చుంటే ఇంకెవరో తన్నుకుపోతారు" అంది కోతి. కోతికేం, చెట్టుమీద కూర్చుని ఎన్నయినా చెబుతుంది. జింక మాత్రం ఆగలేకపోయింది. పిల్లను లేపి తన పొదకు నడిపించుకుపోయింది. పాలు లేని పొదుగును కుమ్మి కుమ్మి పిల్ల ఏడుస్తుంటే, "అలవాటవుతుందిలే" అంటూ నాకుతూ కూర్చుంది.

పొద్దువాలేసరికి వెతుక్కుంటూ తల్లి వచ్చింది, పాలు కారుతున్న పొదుగుతో. పిల్ల ఒక్క గెంతులో దాని కిందకు దూరింది.

"దిక్కులేనిదనుకున్నానక్కా" అని నసిగింది జింక.

తల్లి కోప్పడలేదు. "మేతకు పోతూ మనం పిల్లల్ని గడ్డిలో దాచే పోతాం కదమ్మా. మీ అమ్మ కూడా నిన్ను అలాగే దాచి ఉంటుంది" అంది.

జింక తలెత్తలేదు. ఆ సంగతి దానికి పొద్దున్న పిల్లను చూడగానే గుర్తొచ్చింది. గుర్తురానట్టు తనముందు తానే నటించింది.